800 హెడ్డు పోయింది: ఉన్నదే బాగు చేయించాలా, ఆల్టోది ఎక్కించాలా, ఇంజనే మార్చాలా?

ఎండలు ముదిరితే హన్మకొండ, వరంగల్ షెడ్ల ముందు బానెట్ లేపిన మారుతీ 800లు, ముందు సీట్లు పైకి లేపిన ఓమ్నీలు కనిపిస్తూనే ఉంటాయి. కథ దాదాపు అన్నిటిదీ ఒకటే. నీళ్లు తగ్గాయి, చూసుకోలేదు, ఇంజన్ వేడెక్కింది, హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులు మోసే పైభాగం) పోయింది. విప్పి కింద పెట్టాక మెకానిక్ ఒక మాట అంటాడు: "అన్నా, ఆల్టోది పన్నెండు వాల్వుల హెడ్డు ఒకటి దొరుకుతది, గదే ఎక్కిద్దాం, పికప్ మస్తుంటది." ఈ మాట వినగానే మనసు అటు లాగుతుంది. ఎలాగూ ఇంజన్ విప్పే ఉంది, ఎలాగూ ఖర్చు తప్పదు, అదేదో కాస్త బలం పెరిగేలా చేయించుకుంటే పోలా అనిపిస్తుంది.

నాకూ అనిపించింది. నాది 2006 ఓమ్నీ. ఒక మేడారం జాతరకి ఇంటిల్లిపాదీ వెళ్లి, తిరుగు దారిలో తాడ్వాయి దాటినప్పటి నుంచి పస్రా దాకా ఫస్టు గేరూ సెకండు గేరూ తప్ప మూడోది పడలేదు, గంటలకొద్దీ అదే నడక, అందులో నిండా జనం. రేడియేటర్లో ఉన్నది కూలెంట్ కాదు, మా ఇంటి బోరు నీళ్లు. ఆ నీళ్లు కాచిన గిన్నెకే తెల్లగా పొక్కు కడుతుంది, రేడియేటర్ సన్న గొట్టాలను వదిలిపెడుతుందా? ములుగు చేరేసరికి సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, ఆయిల్ మూత తీస్తే లోపల టీ రంగు నురగ. తప్పు పూర్తిగా నాదే, బండిని అనడానికి ఏమీ లేదు.

నేను చివరికి ఏం చేశానో కింద చెప్తాను, కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లకి ఇదే చాలు. పాత 800కీ ఓమ్నీకీ అయితే మొదట ఉన్న హెడ్డునే బాగు చేయించండి. అది పగిలిపోతే అదే ఇంజన్‌ది, అదే రకం సెకండ్ హ్యాండ్ హెడ్డు తెచ్చుకోండి. పన్నెండు వాల్వులు కావాల్సిందే అనుకుంటే హెడ్డు ఒక్కటే కాదు, ఇంజన్ మొత్తం, వైరింగ్‌తో సహా తెచ్చుకోండి. వేరే ఇంజన్ హెడ్డును మీ బ్లాకు (సిలిండర్లు ఉండే కింది భాగం) మీద కూర్చోబెట్టే పని, ఇంట్లో తిరగడానికి ఇంకో బండి ఉండి, ఈ పని మీద నిజంగా సరదా ఉన్నవాళ్లకే.

అసలు పోయింది హెడ్డేనా?

హెడ్డు మార్చే మాట రాకముందే తేల్చుకోవాల్సింది ఇది, దీన్ని వదిలేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఇంజన్ విప్పకముందే ప్లగ్గులు తీయించి, మూడు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ పెట్టి చూడమనండి. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, సెల్ఫ్ కొట్టి, మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రం నుంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయని అర్థం, అంటే రోగం బ్లాకులో ఉంది. కదలకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య వేసే పొర), హెడ్డో.

బ్లాకు అరిగిన బండికి పైన ఎంత మంచి హెడ్డు పెట్టినా ఒరిగేది లేదు. పైగా కొత్తగా వాల్వు సీట్లు (వాల్వులు ఆనే అంచులు) కోసి, వాల్వులు బిగువుగా కూర్చున్న హెడ్డు పెట్టాక, అంతకు ముందు కాస్తో కూస్తో తాగిన ఆయిల్ ఇప్పుడు ఇంకా తాగుతోంది అనేవాళ్లు చాలామంది. పైన ఎటూ కారే దారి లేక ఒత్తిడంతా రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది మరి. అలాంటప్పుడు హెడ్డు గురించి కాదు, బోరు చేయించడమా, హాఫ్ ఇంజన్ (హెడ్డు లేని కింది సగం) తేవడమా అన్నది ఆలోచించాలి.

"పికప్" లెక్క ఒకసారి చూద్దాం

ఆరు వాల్వుల పాత ఇంజన్ ఎఫ్8బి, పన్నెండు వాల్వుల ఆల్టో ఇంజన్ ఎఫ్8డి. రెండూ 796 సీసీ, రెండిటికీ బోరు (సిలిండర్ వెడల్పు) 68.5 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72 మి.మీ. అందుకే "రెండూ ఒకటే కదా, హెడ్డు ఒక్కటే తేడా" అన్న మాట పుట్టింది. 800లో ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు) వచ్చాక ఆరు వాల్వులది 5000 ఆర్పీఎం దగ్గర 37 బీహెచ్‌పీ ఇచ్చేది, ఆల్టోలో పన్నెండు వాల్వులది 6200 దగ్గర 46. వింటే తొమ్మిది గుర్రాలు ఎక్కువ, నాలుగో వంతు పెరిగినట్టు.

కానీ టార్కు, అంటే ఇంజన్ లాగుడు, చూడండి. పాతది 2500 దగ్గర 59 ఎన్ఎం, కొత్తది 3000 దగ్గర 62. తేడా మూడు. ఇంకొంచెం లెక్క వేస్తే, 5000 దగ్గర 37 బీహెచ్‌పీ అంటే ఆ వేగంలో టార్కు సుమారు 53, 6200 దగ్గర 46 అన్నా టార్కు సుమారు 53 మాత్రమే. అంటే పన్నెండు వాల్వుల హెడ్డు చేసిన పని, పాతది 5000 దగ్గర పీల్చుకున్నంత గాలిని 6200 దాకా పీల్చుకోనివ్వడం. ఇది మంచి పనే, హైదరాబాద్ హైవే మీద లారీని దాటేటప్పుడు గేరు తగ్గించి తొక్కితే తెలుస్తుంది. చౌరస్తాలోనూ, ఎనుమాముల మార్కెట్ ముందు మిర్చి ట్రాక్టర్ల వెనకాలా, పోచమ్మ మైదాన్ సిగ్నల్ దగ్గరా మన బండి 6200 ఎక్కడ తిరుగుతుంది? 3000 దాటితేనే ఇంట్లోవాళ్లు "మెల్లగా పో" అంటారు. ఓమ్నీ మీద సరుకు వేసుకుని తిరిగేవాళ్లకి కావాల్సింది కింది వేగంలో లాగుడు, అది పాత హెడ్డు దాదాపు అంతే ఇస్తుంది.

ఈ లెక్క వేసుకున్నాకే నా సరదా సగం తగ్గింది.

ఉన్న హెడ్డు బాగు చేయించడం

ఈ ఇంజన్లకి బ్లాకు పోత ఇనుముది, హెడ్డు అల్యూమినియందీ. వేడికి రెండూ ఒకేలా సాగవు, అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, బోల్టులు కదలనివ్వవు, అందుకే మితిమీరి వేడెక్కితే హెడ్డు వంగుతుంది. లేత్‌కి పంపాక ముందు ఆకురాయి పట్టించడం కాదు, కొలిపించండి. హెడ్డు అడుగు మీద స్టీలు స్కేలు నిలబెట్టి, నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి, కింద ఫిల్లర్ గేజ్ దూర్చి చూడాలి. 0.05 మి.మీ. రేకు దూరితే ఫేసింగ్ (అడుగు కోసి సాపు చేయడం) చేయించాల్సిందే. వెంట్రుక కన్నా సన్నం అది, కంటికి కనిపించదు, "చూస్తే సాపుగానే ఉంది" అనే మాట నమ్మొద్దు.

ఫేసింగ్ కన్నా ముందు పగుళ్లు. రెండు వాల్వు సీట్ల మధ్య, సీటుకీ ప్లగ్గు రంధ్రానికీ మధ్య ఉండే సన్నటి కట్ట చూడండి, పగిలితే మొదట అక్కడే పగులుతుంది. నీళ్ల దారులన్నీ మూసి, గాలి పట్టి, నీళ్లలో ముంచి బుడగలు చూసే లేత్ షెడ్లు ఉన్నాయి, వేడి నీళ్లలో చూస్తే ఇంకా మంచిది, చల్లగా ఉన్నప్పుడు మూసుకున్న పగులు వేడికే తెరుచుకుంటుంది. బుడగ వస్తే ఆ హెడ్డు మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. హెడ్డు వంగిందంటే కింది భాగం ఒక్కటే కాదు, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ కూర్చునే రంధ్రాలు కూడా వరస తప్పుతాయి. ఫేసింగ్ చేస్తే కింద సాపు అవుతుంది, పైన వంకర అలాగే ఉంటుంది. లేత్ నుంచి వచ్చాక రాకర్లు (వాల్వుల్ని నొక్కే మీటలు) లేకుండా ఒట్టి క్యామ్ పెట్టి, ఆయిల్ రాసి, చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. పడితే ఆ బిగువు కొన్ని నెలల్లో క్యామ్‌ని తినేస్తుంది.

ఎంత కోశారన్నదీ లెక్కే. ఈ ఇంజన్‌కి ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ రేషియో (పిస్టన్ కింద ఉన్నప్పటి జాగాకీ పైకి వచ్చాక మిగిలే జాగాకీ నిష్పత్తి) 9 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 33 సీసీ. హెడ్డు అర మిల్లీమీటరు కోస్తే అందులో దాదాపు సీసీన్నర పోతుంది, రేషియో 9.4కి ఎక్కుతుంది. ఒక్కసారికి పరవాలేదు. మునుపటి ఓనర్ ఒకసారి, ఆయన ముందున్నాయన ఒకసారి కోయించి ఉంటే మాత్రం బండి ఎక్కుడులో టకటకమంటుంది, టైమింగ్ వెనక్కి పెట్టి సర్దుకోవాలి, పెట్టాక లాగుడు పోతుంది. పైగా హెడ్డు కిందికి దిగితే క్యామ్ పుల్లీ క్రాంకుకి (పిస్టన్లు తిప్పే కింది షాఫ్ట్) దగ్గరవుతుంది, వాల్వుల టైమింగ్ కొద్దిగా వెనకబడుతుంది.

నేను చేయించింది ఇదే. పగుళ్లు లేవు, వంపు సరిచేయగలిగినంతే ఉంది, వాల్వు గైడ్లు రెండు మార్చారు, సీట్లు కోశారు, వాల్వు సీల్స్ అన్నీ కొత్తవి, రేడియేటర్ కూడా విప్పించి పుల్లలతో పొడిపించాను. రేడియేటర్ వదిలేసి హెడ్డు ఒక్కటే చేయించేవాళ్లు వచ్చే వేసవికి మళ్లీ అదే షెడ్డుకి వస్తారు, ఇది శాపం కాదు, చూసి చెప్తున్నా.

అదే రకం సెకండ్ హ్యాండ్ హెడ్డు

మీది పగిలితే దారి ఇది. వరంగల్ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, తెలిసిన పాత ఇనుము దుకాణంలోనో దొరుకుతుంది. 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, ఓమ్నీ 2019 దాకా వచ్చింది, కాబట్టి సామానుకి ఇంకా కరువు రాలేదు. (మన జిల్లాలో తిరిగే 800లన్నీ దాదాపుగా ఏపీ 36 నెంబర్లే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? బండి రావడం ఆగిన ఐదు నెలలకి తెలంగాణ వచ్చింది, అంతే.)

అదే రకం అన్నప్పుడు "800ది" అంటే సరిపోదు. కార్బొరేటర్ బండికి పెట్రోలు పంపు క్యామ్ తోసే మెకానికల్ పంపు, హెడ్డుకే బిగిస్తారు, ఎంపీఎఫ్ఐకి ట్యాంకులో కరెంటు పంపు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కింద, వెనక చక్రాలు తిప్పేది, 800లో బానెట్ కింద అడ్డంగా, ముందు చక్రాలు తిప్పేది, మానిఫోల్డులూ నీళ్ల గొట్టాలూ పోయే దారులు వేరు. కాబట్టి మీ పాత హెడ్డు సంచిలో వేసుకునే వెళ్లండి. పక్కపక్కన పెట్టి పంపు జాగా, డిస్ట్రిబ్యూటర్ జాగా, నీళ్ల గొట్టం మూతి, సెన్సార్ రంధ్రాలు, మానిఫోల్డు స్టడ్లు ఒక్కొక్కటే సరిచూసుకోండి. బరువు మోయలేక ఫోటో తీసుకెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లడం చూశాను.

స్కూలు పిల్లల్ని తిప్పిన గ్యాస్ ఓమ్నీ హెడ్డు అయితే వాల్వు సీట్లు చూడండి. గ్యాస్ పొడిగా కాలుతుంది, సీట్లు తొందరగా లోపలికి దిగుతాయి. వాల్వు తల అడుగున గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తే సీట్లు మార్చే ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరమాడండి. అమ్మేవాడు ఫేసింగ్ చేసి మెరిపించి పెట్టాడంటే అది మంచి గుర్తు కాదు, ఎంత కోశాడో మీకు తెలియదు. మసి పట్టి, విప్పినది విప్పినట్టు ఉన్నదే నాకు నమ్మకం.

వేరే ఇంజన్ హెడ్డు మీ బ్లాకు మీద

ఇప్పుడు అందరూ అడిగేది. బోరు ఒకటే, స్ట్రోకు ఒకటే, కూర్చోదా? కూర్చుంటుందో లేదో నోటి మాట వినకండి, చేతిలో పెట్టుకుని చూడాలి. రెండు ఇంజన్ల కొత్త హెడ్ గ్యాస్కెట్లు కొనండి, ఆ ఖర్చు మొత్తం పనిలో లెక్కలోది కాదు. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. బోల్టు రంధ్రాలు, సిలిండర్ వృత్తాలు, నీళ్ల దారులు, ఆయిల్ పైకెక్కే రంధ్రం. బోల్టులు కలిసినంత మాత్రాన సంబరపడొద్దు. హెడ్డు వైపు నీళ్ల రంధ్రం గ్యాస్కెట్ అంచు దాటిందంటే బయటికి కారుతుంది, ఆయిల్ రంధ్రం నీళ్ల దారిలోకి తెరుచుకుందంటే మళ్లీ ఆ టీ రంగు నురగే. బ్లాకులో ఉన్న నీళ్ల దారి పైన మూసుకుపోతే బయటికి ఏమీ తెలియదు, ఆ సిలిండర్ ఒక్కటే వేడెక్కుతూ ఉంటుంది, రామగుండం ఎండలో బయటపడుతుంది.

తర్వాత పిస్టన్లు. ఆరు వాల్వుల పిస్టన్ తల, పన్నెండు వాల్వుల పిస్టన్ తల ఒక్కలా ఉండవు. ఒక్కో సిలిండర్లో రెండు వాల్వులు దిగే చోట నాలుగు దిగుతాయి, దిగే కోణమూ వేరు. దీనికి పిల్లలు ఆడుకునే మైనపు మట్టి చాలు. పిస్టన్ తల మీద మట్టి ముద్ద పరిచి, పాత గ్యాస్కెట్ వేసి, హెడ్డు బిగించి, బెల్టు టైమింగ్ సరిగ్గా పెట్టి, క్రాంకుని పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పండి. సెల్ఫ్ కొట్టొద్దు! ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి. విప్పి, మట్టి మీద వాల్వు అచ్చు పడ్డ చోట బ్లేడుతో కోసి మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కన్నా తక్కువ ఉంటే ఆ పిస్టన్లతో ఆ హెడ్డు వద్దు. ఎక్కువ వేగంలో స్ప్రింగు ఒక్కసారి వెనకబడినా, బెల్టు ఒక పన్ను జారినా, వాల్వులు వంగుతాయి. అప్పుడు పిస్టన్లు మార్చాలి, పిస్టన్లు మార్చాలంటే కింద ఆయిల్ పాన్ కూడా విప్పాలి, హెడ్డు పని అనుకున్నది ఇంజన్ పని అయింది చూశారా?

పిస్టన్లు తగలకపోయినా కంప్రెషన్ లెక్క చూసుకోవాలి. హెడ్డుని తలకిందులు చేసి, వాల్వులు, ప్లగ్గు పెట్టి, పైన రంధ్రం ఉన్న అద్దం ముక్కని గ్రీజుతో అంటించి, మెడికల్ షాపు సిరంజీతో కిరోసిన్ ఎక్కించండి. నిండేసరికి ఎన్ని సీసీలు పట్టిందో అదే హెడ్డులో పెట్రోలు మండే గది కొలత. మీ పాత హెడ్డుకీ ఇలాగే చూడండి. పైన చెప్పిన 33 సీసీల లెక్కలో కొత్త హెడ్డు గది 5 సీసీ చిన్నదైతే మిగిలేది 28, రేషియో 10.5 అవుతుంది. పాత ఇంజన్‌కి, పాత ఇగ్నిషన్‌కి అది ఎక్కువ. గది 5 సీసీ పెద్దదైతే రేషియో 8కి పడిపోతుంది, పన్నెండు వాల్వులు పెట్టి పాతదాని కన్నా మందమైన బండి చేసుకున్నట్టు.

బెల్టు సంగతి: క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అంటే క్యామ్ పుల్లీ పళ్లు క్రాంకు పుల్లీ పళ్లకి సరిగ్గా రెట్టింపు ఉండాలి. ఒక ఇంజన్ క్యామ్ పుల్లీ, ఇంకో ఇంజన్ క్రాంకు పుల్లీ కలిసిన చోట పళ్లు లెక్కపెట్టండి, పంటి ఆకారం ఒకటేనా చూడండి, రెండు పుల్లీలూ ఒకే గీతలో ఉన్నాయా అని స్కేలు పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉన్నా బెల్టు అంచు కొరుక్కుపోతుంది.

ఇవన్నీ కుదిరాయే అనుకుందాం. పన్నెండు వాల్వుల హెడ్డు ఇన్‌టేక్ ఇంజెక్టర్ల కోసం చేసింది. కార్బొరేటర్ బండికి పెట్టాలంటే మానిఫోల్డు లేత్‌లో చేయించాలి, చేయించినా మూడు సిలిండర్లకీ సమానంగా పెట్రోలు పోవడం కష్టం. ఎంపీఎఫ్ఐ బండి అయితే పాత ఈసీఎంకి (ఇంజన్ కంప్యూటర్) ఆరు వాల్వుల లెక్కే తెలుసు, కొత్త హెడ్డు ఎంత గాలి పీలుస్తుందో తెలియదు. కాబట్టి ఆల్టో ఈసీఎం, వైరింగ్, సెన్సార్లు, ఇంజెక్టర్లు కావాలి. ఇవన్నీ ఏరుకుంటూ పోతే చివరికి ఆల్టో ఇంజన్లో మీరు కొననిది బ్లాకు ఒక్కటే మిగులుతుంది. నాకు ఈ దారి మీద అభ్యంతరం ఇదే. కుదరదని కాదు, కుదిరేలా చేసేసరికి ఇంజన్ మొత్తం కొన్న ఖర్చు దాటి, చేతిలో మిగిలేది ఏ మెకానిక్‌కీ పూర్తిగా అర్థం కాని ఇంజన్. రాత్రి పూట పరకాల రోడ్డు మీద ఆగితే వచ్చిన మెకానిక్ ఏ గ్యాస్కెట్ అడగాలో తెలియక నిలబడతాడు.

మిగతా జతల గురించి రెండు ముక్కలు. ఆల్టో కె10 హెడ్డు 800కి వస్తుందా అని అడుగుతారు, రాదు: దాని బోరు 73 మి.మీ., మనది 68.5, పైగా దానికి బెల్టు కాదు, చైను. వ్యాగన్ ఆర్ పాత 1061 సీసీ ఇంజన్‌ది బోరు, స్ట్రోకు రెండూ 800వే, కానీ సిలిండర్లు నాలుగు, 800కి ఇంకో గది కట్టినట్టు, హెడ్డు మాట అక్కడితో సరి. దేవూ మాటిజ్‌ది కూడా 796 సీసీ, అదే బోరు, అదే స్ట్రోకు, ఆ ఇంజన్ మూలం సుజుకీదే. అయినా అంకెలు కలిశాయని హెడ్డు కొనేయకండి, గ్యాస్కెట్ పరీక్ష అక్కడా తప్పదు. జిప్సీ, ఎస్టీమ్‌లలో ఎనిమిది వాల్వులదీ పదహారు వాల్వులదీ రెండూ 1298 సీసీ, 74 బోరు, 75.5 స్ట్రోకు. ఎస్టీమ్‌లో అది 65 నుంచి 85 బీహెచ్‌పీకి ఎగబాకింది, కాబట్టి అక్కడ ఆశకి అర్థం ఉంది, జిప్సీ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఖర్చుకి వెనకాడరు కూడా. పిస్టన్లు, ఈసీఎం లెక్క మాత్రం ఇదే.

ఇంజన్ మొత్తం మార్చడం

2000 తర్వాత కొన్నాళ్లు 800లోనే పన్నెండు వాల్వుల ఇంజన్ ఐదు గేర్ల బాక్సుతో కంపెనీ నుంచే వచ్చింది. అంటే 800 ఓనర్లకి ఇది ఊహ కాదు, ఆ బండిలో ఆ ఇంజన్ ఒకప్పుడు ఉన్నదే. ఓమ్నీ వాళ్లకి అంత సులువు కాదు, ఇంజన్ కూర్చునే తీరే వేరు. తెచ్చేటప్పుడు ఇంజన్, గేర్ బాక్సు, ఈసీఎం, వైరింగ్, ట్యాంకు పంపు అన్నీ ఒకే బండివి తెచ్చుకోండి, వైర్లు కోసి ఇచ్చేవాడి దగ్గర కొనొద్దు, కనెక్టర్లతో సహా విప్పి ఇవ్వాలి. వీలైతే ఆ ఇంజన్ బండిలో ఉండగానే స్టార్ట్ చేయించి విని, కంప్రెషన్ చూసి, అప్పుడు బేరం.

ఇక్కడ కాగితాల సంగతి ఉంది. ఇంజన్ నెంబరు ఉండేది బ్లాకు మీద. హెడ్డు మారిస్తే ఆర్సీలో ఏమీ మారదు, ఇంజన్ మారిస్తే, ఆఖరికి హాఫ్ ఇంజన్ మార్చినా, నెంబరు మారినట్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్‌కీ చెప్పాలి. చాలామంది "ఎవడు చూస్తడు" అనుకుంటారు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అప్పుడు బానెట్ లేపించి నెంబరు చూస్తారు, ఇప్పుడు మన 800లు చాలావరకు ఆ వయసువే. ఇంజన్ అమ్మినవాడి బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాగితాలు లేకపోతే ఎంత చౌకైనా తీసుకోకండి, దొంగ బండిది అయితే పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సింది మీరే.

కాబట్టి ఎవరికి ఏది? రోజూ తిరిగే బండి, సరుకు లేదా జనం, అయితే సొంత హెడ్డు, అది పోతే అదే రకం హెడ్డు. వారానికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చే 800, బ్లాకు కూడా అరిగింది, చేతిలో కాస్త డబ్బుంది, అప్పుడు పన్నెండు వాల్వుల పూర్తి ఇంజన్, ఆర్సీతో సహా. బ్లాకు అరిగింది, డబ్బు తక్కువ, బండి శరీరం కూడా తుప్పు పట్టింది, అంటే ఆ మూడూ కలిస్తే నిజం చెప్పాలంటే ఏదీ వద్దు, అమ్మేయండి.

ఏ హెడ్డు పెట్టినా బిగించే రోజు మీరు అక్కడ ఉండండి. బ్లాకులో బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు గుడ్డతో అద్ది గాలి కొట్టించాలి, లేకపోతే బోల్టు దిగేకొద్దీ కింద చిక్కిన ఆయిల్ ఎటూ పోలేక బ్లాకునే పగలగొడుతుంది. టార్క్ రెంచి లేని షెడ్డయితే అద్దెకైనా తెప్పించండి, మధ్య బోల్టుల నుంచి బయటికి, మూడు విడతల్లో. ఇంకొకటి, లేత్ వాడు ఎంత కోశాడో రసీదు మీద రాయించుకుని, అదే అంకె హెడ్డు పక్కన పంచ్‌తో కొట్టించండి. నా హెడ్డు మీద ఇప్పుడు 0.2 అని ఉంది.